బూరుగుకు తలంటు

రాజోలు,
10-7-1988.

ప్రియమైన సరోజినికి,

మామ్మ ఆశీస్సులు. నువ్వు హాస్టల్లో చేరి నేటికి ఇరవై మూడు రోజులు. నీ ఉత్తరం గురువారం అందింది. కొత్త బడి, కొత్త మనుషులు, అయినా కుదురుకున్నానని రాశావు, సంతోషం. వార్డెనుగారు అయిదింటికే లేపుతారని కూడా రాశావు. నా దగ్గర తొమ్మిదేళ్లు అదే వేళకు లేచినదానివి, నీకు అదొక కష్టం కాదు. రంపచోడవరం నుంచి మీ అమ్మా నాన్నా ఇద్దరూ కలిసి ఒకే కార్డు రాశారు. సెలవు దొరికితే వచ్చే నెలలో కాకినాడ వచ్చి నిన్ను చూస్తారట.

ఇక బూరుగు సంగతి. నీ ఉత్తరం మూడు పేజీలైతే అందులో రెండు పేజీలు వాడి గురించే కనుక నేనూ అదే లెక్కన రాస్తాను. వాడికిప్పుడు అయిదో నెల. తాటిపాక నుంచి బదిలీ మీద వెళ్తూ ఆయిల్ కంపెనీ ఇంజనీరుగారి భార్య ఈ కుక్కపిల్లను నీ చేతుల్లో పెట్టిన రోజున గుప్పెడు బూరుగు దూదిలా ఉండేవాడు. ఇప్పుడు వెంట్రుకలు బెత్తెడు పొడుగయ్యాయి. నడుస్తుంటే కాళ్లు కనబడవు. నేల తుడిచే గుడ్డ దానంతటది గదిలోంచి గదిలోకి వెళ్తున్నట్టుంటుంది.

నువ్వు బస్సెక్కేముందు ఆవిడ చెప్పిందని మూడు మాటలు చెప్పావు. రోజూ దువ్వాలి, మూడు వారాలకొక స్నానం చాలు, నూనె రాయకూడదు అని. విన్నాను. వాళ్లు చలిప్రాంతం మనుషులు, వాళ్ల అలవాట్లు వాళ్లవి. మన చిత్తడికి, మన చెమటకి మూడు వారాలు నీళ్లు పోయకపోతే మనిషి పక్కన మనిషి కూర్చోలేడు, కుక్కపిల్ల సంగతి చెప్పాలా? ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో తలకు నూనె లేని పిల్లను నేను ఏనాడూ బడి గడప దాటనివ్వలేదు. అందుకని వాడికి నా పద్ధతే పెట్టాను. మంగళవారం, శనివారం తలంటు. ముందు గానుగ కొబ్బరినూనె కుదుళ్లకంటా పట్టించి అరగంట ఎండలో ఉంచుతాను. తరవాత సబ్బుతో రుద్ది ఆరు చెంబులు పోస్తాను. తుడిచాక వెంట్రుకలు రేగకుండా ఇంకొంచెం నూనె చేత్తో రాసి అణుస్తాను.

పనిచేసే ఆదిలక్ష్మికి ఇది వేడుకగా ఉంది. "అమ్మగారండీ, నా మనవరాలిక్కూడా ఇంత నూని రాయలేదండి నేను. దీనికేవన్నా పెళ్లిచూపులా అండీ?" అంది. రాసి ఉంటే నీ మనవరాలి జుట్టు అలా ఉండేది కాదన్నాను. "ఆయ్, మీరన్నాక అంతే కదండీ" అని చెంబు అందించింది.

వానలు పట్టినప్పటి నుంచి వాడి దగ్గర కొంచెం వాసన వస్తోంది. కంగారుపడకు. తలంటు ఇంకొకటి పెంచితే పోతుంది. లెక్కల్లో నీకు భిన్నాలు రావని నాకు తెలుసు. రోజూ అయిదు చెయ్యి.

నీ క్షేమం కోరే
మామ్మ.

రాజోలు,
7-8-1988.

ప్రియమైన సరోజినికి,

ఈ ఉత్తరం ప్రశాంతంగా కూర్చుని చదువు. నీకు నచ్చని మాట ఒకటి రాయవలసి వచ్చింది. చివర్లో దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు. బూరుగును పంపేద్దామని నిశ్చయించుకున్నాను.

నేను చేయవలసినది చేయకుండా ఈ మాట రాయడం లేదు. వారానికి రెండు తలంట్లు మూడు చేశాను, మూడు చాలక రోజు విడిచి రోజు చేశాను. సబ్బు మార్చాను. వేపాకు కాచిన నీళ్లు పోశాను. నూనెలో పచ్చకర్పూరం కలిపి రాస్తే రెండు గంటలు బాగుండి, ఆ పైన రెండు వాసనలూ కలిసి వచ్చాయి. చేపముక్కల వల్లనేమోనని వాడికి చేప మాన్పించాను. పాపం, పదిరోజులు మజ్జిగన్నం తిని నా మొహం చూస్తూ కూర్చున్నాడు. ఆదిలక్ష్మి సబ్బు సరిగా వదిలించడం లేదేమోనని దాన్ని కోప్పడ్డాను. అది సరేనని ఇంకో నాలుగు చెంబులు పోసింది. ఎన్ని పోసినా మర్నాటికి అదే వాసన. చెవుల దగ్గర, చంకల కింద వెంట్రుకలు ఉండలు కట్టాయి. దువ్వెన పెడితే కుయ్యిమంటాడు, అందుకని దువ్వడం మానేశాను.

మొన్న శుక్రవారం స్త్రీల సమాజం కూడిక మనింట్లో జరిగింది. వాడిని వెనక గదిలో పెట్టి తలుపు వేశాను. పాట అయిపోయి ప్రార్థన మొదలయ్యేలోగా పాస్టరుగారి భార్య కృపమ్మగారు కుర్చీ రెండుసార్లు జరుపుకున్నారు. ప్రార్థన అయ్యాక నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగారు. "మార్తమ్మగారూ, మీ పెరట్లో గాని కొబ్బరిపీచు నానబెట్టేరా అండీ?" అని. కాలవలో నెలల తరబడి పీచు నానేసిన చోటు పక్కనుంచి వెళ్లేటప్పుడు నువ్వు ముక్కు మూసుకునేదానివి కదా, ఆ వాసన అన్నమాట. లేదండీ, కుక్కపిల్ల అన్నాను. "ఓహో, కుక్కపిల్లా అండీ" అని ఆవిడ కూర్చున్నారు. మిగతావాళ్లు కాఫీ తాగకుండానే వెళ్లారు. ఈ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా కూడికలు జరుగుతున్నాయి. శుభ్రం గురించి ఈ ఊళ్లో సగం మందికి చెప్పినదాన్ని నేను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తాటిపాక కాలనీలో వంట చేసే ఏసుపాదం తెలుసు కదా, వాడికి కుక్కలంటే ఇష్టం. విశాలమైన ఆవరణ ఉంది, బూరుగు ఆరుబయట ఉంటాడు కనుక వాసన ఎవరికీ పట్టదు. ఇరవై రెండో తేదీ సోమవారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. తిండికి లోటుండదు. సెలవులకు వచ్చినప్పుడు నేనే నిన్ను రిక్షాలో తీసుకెళ్లి చూపిస్తాను.

నువ్వు తెలివైనదానివి, అర్థం చేసుకుంటావు. ఇది వాడి మీద కోపంతో కాదు. నా చేతిలో ఉన్నదంతా చేసి చూశాక తీసుకున్న నిర్ణయం.

మామ్మ.

రాజోలు,
24-8-1988.

నా సరోజినికి,

బూరుగు ఇక్కడే ఉన్నాడు. ఎక్కడికీ వెళ్లలేదు. ముందు ఈ రెండు ముక్కలు చదివి ఊపిరి పీల్చుకుని, తరవాత మిగతాది చదువు.

నీ జవాబు శనివారం వచ్చింది. ఎప్పుడూ మూడు పేజీలు రాసేదానివి, ఈసారి రెండే వాక్యాలు. "నీ ఇష్టం మామ్మా. వాడు ఏడవకుండా పంపు." అంతే. ఎదురు చెప్పలేదు, బతిమాలలేదు. చదివి మడిచి బైబిల్లో పెట్టాను. మంచి పిల్ల అనుకున్నాను. అలా అనుకున్నానే గాని ఆదివారం ఆరాధనలో వాక్యం తెరిచినప్పుడల్లా ఆ కాగితమే కనబడింది.

సోమవారం పొద్దున్న ఏసుపాదం కబురు పంపాడు. కాలనీలో చిన్నపిల్లలున్నారు కనుక సూదిమందు వేయించిన కాగితం లేనిదే కుక్కను రానివ్వరట. వాడిని పశువుల ఆసుపత్రికే రమ్మని చెప్పి, బూరుగును బుట్టలో పెట్టుకుని రిక్షాలో వెళ్లాను. డాక్టరుగారు క్యాంపులో ఉన్నారు. కాంపౌండరు త్రిమూర్తులు ఉన్నాడు. సూది వేయడానికి మెడ దగ్గర వెంట్రుకలు పాయ తీశాడు. వేళ్లు ఒకదానికొకటి రాసుకుని చూసుకున్నాడు. వాసన చూశాడు. సూది పక్కన పెట్టేశాడు.

"అమ్మగారండీ, ఒక్క మాటడుగుతాను, ఏవనుకోకండి. దీనికి తలంటేదెవరండీ?"

"నేనే."

"దేంతో అండీ?"

"కొబ్బరినూనె. గానుగలో దగ్గరుండి ఆడించినది."

"ఎన్నాళ్లకోసారండీ?"

"రోజు విడిచి రోజు."

అతను వేళ్లు గుడ్డతో తుడుచుకున్నాడు. తరవాత, "ఇంకో నెల ఇలాగే రాసేరంటే దీన్నే గానుగలో వేసి ఆడించుకోవచ్చండి" అన్నాడు. అక్కడ గేదెను పట్టుకుని నిలబడ్డ మనిషి అటు తిరిగి నవ్వాడు. నేను నవ్వలేదు.

త్రిమూర్తులు వాడి వీపు మీద వెంట్రుకలు రెండు చేతులతో విడదీసి చూపించాడు. పైన పొడుగు వెంట్రుకలు, వాటి అడుగున ఉన్నిలాంటి ఇంకో పొర. నేను ఇన్నాళ్లూ తుడిచింది పై పొరనే. అడుగు పొర రెండు నెలలుగా ఏ రోజూ పూర్తిగా ఆరలేదు. "దీని వంటికి కావలసిన నూని దీని వంట్లోనే ఊరుతుందండి. మీరు దాని మీద నూని, దాని మీద నీళ్లు, మళ్లీ నూని. లోపల తడి బైటికి రాదు, సబ్బు వదలదు. పీచు నానినట్టే నాని కుళ్లుతుందండి, వాసన రాకేం చేస్తాది?" అన్నాడు. వేలు పెట్టి చర్మం చూపించాడు. ఎర్రగా, చెమట పొక్కుల్లా ఉంది. దువ్వెన పెడితే వాడు కుయ్యిమన్నది అందుకు.

మీ ఇంజనీరుగారి భార్య చెప్పిన మూడు మాటలూ అతను మళ్లీ నాకు చెప్పాడు. ఒక్క ముక్క తేడా లేదు.

నేను పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాను. నా మొహం చూసి అతనికే జాలేసినట్టుంది. "నన్ను నాలుగో తరగతిలో తలకి నూని లేదని ఇంటికి పంపేసేరండి మీరు. మా అమ్మ చూడండి, ఇప్పటికీ సీసా పట్టుకుని నా ఎనకాలే తిరుగుతాది" అన్నాడు. నాకు జ్ఞాపకం లేదు. చేసే ఉంటాను.

ఆ తరవాత అతను చేసినదంతా దగ్గరుండి చూసి నేర్చుకున్నాను. నీళ్లు పోయకముందే దువ్వాలట. తడిస్తే చిక్కు బిగుసుకుపోతుంది. ముందు చివర్లు, తరవాత నడిమి, ఆఖర్న కుదుళ్లు. విడిపోని ఉండలు చెవుల వెనక నాలుగు, చంకల్లో మూడు, కత్తెరతో తీసేశాడు. గోరువెచ్చని నీళ్లతో తడిపి, కుక్కల సబ్బు రెండుసార్లు నురగ పట్టించి, ఆ నీళ్లు తేటగా జారేదాకా పోశాడు. మొదటిసారి జారిన నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది. నేను చూడకుండా ఉంటే బాగుండుననిపించింది, కాని చూశాను. చెవుల్లో తడి దూదితో అద్దాడు. పొడి తువ్వాళ్లు మూడు మార్చి, రుద్దకుండా నొక్కి నొక్కి తుడిచి, ఫ్యాను కింద నిలబెట్టి అడుగు పొర ఆరేదాకా దువ్వాడు. మొత్తం గంటా పది నిమిషాలు. చివరికి వాడు ఒక్కసారి ఒళ్లంతా విదిల్చుకుని బల్ల మీద గిరగిరా మూడు చుట్లు తిరిగాడు. తెల్లగా ఉన్నాడు. వాడు తెల్లవాడన్న సంగతి నేను మరిచిపోయాను.

నేను వెళ్లేసరికే వచ్చిన ఏసుపాదం ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మాట ఇచ్చి తప్పడం నాకు అలవాటు లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఏసుపాదం, చూడూ" అని ఆగిపోయాను.

"ఆయ్, తెల్సిందండి. మీరు రిక్షా దిగినప్పుడు బుట్ట పట్టుకుంటానంటే ఇవ్వలేదు కదండీ. అప్పుడే తెల్సిపోయిందండి" అన్నాడు. పోయేముందు వాడి గడ్డం కింద గోకి మరీ వెళ్లాడు.

ఇంటికి వచ్చాక వాడు పడుకునే గోనెసంచి కాల్పించాను, అదీ నూనె పట్టేసింది. ఆదిలక్ష్మిని పిలిచి, సబ్బు వదిలించలేదని నిన్ను అన్నది తప్పు, దోషం నా నూనెది అని చెప్పాను.

"నేను మొదట్నించీ అదే అనుకుంటున్నానండి" అంది.

"మరి చెప్పవేం?"

అది నేల తుడుస్తూనే, చాలా మామూలుగా అంది. "మీకు చెప్పేదెవరండీ?"

మొన్నటి నుంచి ఆ మాట నాతోనే ఉంది. నువ్వు చెప్పావు, ఒక్కసారి. నేను వినలేదు. రెండోసారి చెప్పలేదు, ఎందుకంటే చెప్పకూడదని నీకు తొమ్మిదేళ్లు నేర్పింది నేనే. నీకిష్టమైన వాడిని పంపేస్తానని రాస్తే కూడా "నీ ఇష్టం మామ్మా" అని రాసేలా పెంచి, దానికి మంచి పిల్ల అని పేరు పెట్టుకున్నాను. వాడు ఒంటి మంటతో నా చేతుల కింద నిలబడి, మాట రాక, నేను రాసినప్పుడల్లా రాయించుకున్నాడు. మీరిద్దరూ ఒకేలా ఉన్నారని తోచింది. తప్పు నాది సరోజినీ. ఈ మాట నేను ఇంతవరకు ఏ పిల్లకూ రాయలేదు. ఎలా రాయాలో కూడా సరిగా తెలియదు, అందుకని ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఇప్పుడు వాడు నా కుర్చీ కింద పడుకుని ఉన్నాడు. దగ్గరగా వంగితే కొద్దిగా కుక్క వాసన వస్తుంది. కుక్కకు ఆ మాత్రం ఉంటుందని త్రిమూర్తులు అన్నాడు. నాకు అభ్యంతరం లేదు. రేపటి నుంచి చేపముక్క కూడా పెడతాను.

నీకొక పని అప్పగిస్తున్నాను. వచ్చే ఉత్తరంలో ఏదో ఒక విషయంలో నాతో ఒప్పుకోకుండా రాయి. విషయం నీ ఇష్టం. పది వాక్యాలకు తగ్గకూడదు.

ఎదురుచూస్తూ,
మీ ఇద్దరి మామ్మ,
మార్తమ్మ.