ఊదుడు టీచరమ్మ

స్వరూప టీచరమ్మకు, తండా నుంచి భద్రు చేతులెత్తి మొక్కి రాసేది.

బడి టైంల మీ ఫోన్ బందుంటది, మా మేకలకాడ సిగ్నల్ ఉండదు. గందుకే మా మనుమరాలు అఖిల సంచిల ఈ ఉత్తరం పెట్టిన. పిల్ల ఇంట్ల మా లంబాడీ మాటల గలగల మాట్లాడతది. బడిల ఎవరో యాసకు నవ్విన్రట, ఇగ నోరు తెరుస్తలేదు. దసరా దాకా మాట్లాడకుంటే మిర్యాలగూడ హాస్టల్ల ఏస్తనంటుండు మా కొడుకు జగన్. అది పోతే నేనెట్ల ఉండాలె?

మీరు మొఖం ముంగట కాగితం పెట్టి ఊదిస్తున్నరట. మంచిగ కనిపెట్టిన్రు! భయం పట్టిన పిల్లలకు దర్గాకాడ గిట్లనే ఊదుతరు.

మీ మేలు మరువని,
భద్రు

తా.క: కొబ్బరికాయ తేవాల్నా, కోడి తేవాల్నా అని మా ముసల్ది రంగి అడుగుతుంది.

—

భద్రుగారికి నమస్కారం.

అది వైద్యం కాదండీ, ఆట. ఇంగ్లీషులో ‘పెన్’ అంటే పెదాల దగ్గర కాగితం ఎగరాలి. ‘బెన్’ అంటే కదలకూడదు. కాగితం ఎగిరితే పిల్లలు నవ్వుతారు, నవ్వితే బెరుకు పోతుంది. ఇంట్లో కూడా రోజూ మూడుసార్లు చేయించండి, ఒక్కరోజు కూడా మానొద్దు. అఖిల వెళ్లిపోతే నాకూ బాధే.

ఉంటాను,
స్వరూప

తా.క: కోడి వద్దు.

—

టీచరమ్మకు భద్రు దండాలు.

సమజైంది. చెయ్యి గుణం ఉన్నోళ్లు ఎప్పుడూ ఒప్పుకోరు. దర్గా సాయిబు గూడ ‘నాదేముంది’ అనే అంటడు. రోజూ మూడుసార్లు, తప్పొద్దు అని ఆయన గూడ గిట్లనే చెప్తడు!

మా పక్కింటి బిచ్చా మనుమడు ఒక్కతీరుగ ఏడుస్తుంటే అఖిల కాగితం పెట్టి ‘పెన్, పెన్’ అన్నది. పోరడు కిలకిల నవ్విండు. ముచ్చట హాలియా దాకా పోయింది. శుక్రవారం అందరం బడికొస్తున్నం. జర ఓపిక పట్టున్రి.

మీ నమ్మకస్తుడు,
భద్రు

తా.క: బిచ్చా బర్రె పాలిస్తలేదు. దాన్ని గూడ తోలుకరావాల్నా?

—

భద్రుగారూ,

ఎంత పని చేశారండీ! గేటు ముందు ఆటోలు, చంకల్లో పిల్లలు, ఊదుబత్తులు. మా హెడ్మాస్టర్ దానియేలుగారు ‘ఇది బడా, దర్గానా?’ అని నన్ను నిలదీశారు. నా గొంతు ఎవరికీ వినపడలేదు. వచ్చే వారం సూర్యాపేటలో టీచర్లందరి ముందు ఈ ఆట చూపించాలి. ఈ మాట అక్కడికి పాకితే నా పరువేం కాను? మీరే చెప్పి ఆపండి.

భయం ఊదితే పోదండీ. తప్పు పలికినా ఎవరూ ఎగతాళి చెయ్యని చోట పోతుంది.

దిక్కుతోచని,
స్వరూప

తా.క: బర్రె కూడా వచ్చింది. గ్రామర్ చార్టు తినేసింది. పాలిచ్చిందా?

—

టీచరమ్మకు,

నేను చెప్తే ఎవ్వరూ ఇనలే. నిన్న మళ్ల అందరూ మా వాకిట్ల కూసున్నరు. ఇగ అఖిల అరుగెక్కి, ‘ఇది మంత్రం కాదు! మా టీచర్‌ను పరేషాన్ చెయ్యకున్రి!’ అని గట్టిగ అరిచింది. అందరికీ కాగితాలు పంచి పెన్, బెన్ అనిపిచ్చింది. నా పండ్లు ఊడినయి గద, నా కాగితం రెండిటికీ ఎగిరింది.

జగన్ మాత్రం ‘తండాల ఎవరైనా మాట్లాడతరు, పరాయోళ్ల ముంగట మాట్లాడాలె’ అంటుండు. సూర్యాపేటకు వాడి ఆటోలనే పోన్రి. పిల్లను గూడ తోలుకపోన్రి.

ఆశ ఇడవని,
భద్రు

తా.క: పాలిచ్చింది. మేము ఎవరికీ చెప్తలేం.

—

పెద్దలు భద్రుగారికి నమస్కారాలు.

సూర్యాపేట నుంచి తిరిగొచ్చాం. హాలు నిండా టీచర్లు. మైకు పట్టుకోగానే నాకు ఒక్క మాట కూడా రాలేదు. ముందు వరుసలో ఎవరో నవ్వారు. అప్పుడు అర్థమైందండీ, అఖిల ఇన్నాళ్లూ ఎక్కడ నిలబడిందో.

మీ మనుమరాలు నా దగ్గరికొచ్చి నా మొఖం ముందు కాగితం పెట్టింది. ‘మా తాత చెప్పిండు’ అని మూడుసార్లు ఊదింది. తర్వాత మైకు తనే తీసుకుని, ఇంగ్లీషులో ‘మా టీచర్‌కు భయం వేసింది, దయచేసి నవ్వకండి’ అని చెప్పి ఆట మొదలుపెట్టింది. హాలంతా కాగితాలు ఎగిరాయి. నాకు గొంతు వచ్చింది.

జగన్ వెనక గోడకు ఆనుకుని నిలబడి చూశాడు. దారిలో హాస్టల్ మాట ఎత్తలేదు. ఆటో దిగేటప్పుడు, ‘రేపు బడికి నేనే తోలుకొస్త’ అన్నాడు.

మీకు రుణపడిన,
స్వరూప

తా.క: ఇప్పుడు నేను ఏం తేవాలి? కొబ్బరికాయా, కోడా?