బ్యాటరీలో వాన నీళ్లు

30 సెప్టెంబర్ 1995

కోదాడ నుంచి సెకండ్ హ్యాండ్ బ్యాటరీ తెచ్చాను, పన్నెండు వోల్టులది. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే యాసిడ్ అంటి చీరకు రెండు చిల్లులు. పోనీ. ఈ నెల నుంచి మేళ్లచెరువులో కరెంటు కోత పొద్దున ఆరు నుంచి తొమ్మిదికి మారింది. వచ్చే నెల 24న సూర్యగ్రహణం కూడా ఆ కోతలోనే. బ్యాటరీ లేకపోతే దూరపు ఊళ్లవాళ్లతో మాట్లాడే నా హామ్ రేడియో మూగదే.

రేడియోలోనే పరిచయమైన గువాహటి బరువా గారి గొంతు రోజూ ఏడున్నర దాటితే మాయమయ్యేది. ఎండ ఎక్కేకొద్దీ పైన గాలిలో ఒక పొర దూరపు సిగ్నల్‌ను మింగేస్తుంది. గ్రహణానికి ఎండ తగ్గితే ఆ గొంతు తిరిగి రావాలి. వస్తుందా? పన్నెండేళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నాను, ఇలాంటిది ఒక్కసారీ చెవులారా వినలేదు. ఆయన గ్రహణం రోజు ఎనిమిదిన్నరకు పిలుస్తానన్నారు.

7 అక్టోబర్

వాన! రేకుల కింద బేసిన్ పెట్టి నింపాను. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ కొనడం దేనికి? ఇంటి ఓనరు ఫూల్‌సింగ్ లారీ డ్రైవరు. గీడి వాన నీళ్లు బ్యాటరీల పొయ్యకుండ్రి టీచరమ్మా, నేనైతె మోతె ఊరు దాటినంకనే వాన నీళ్లు పట్టుకుంట అన్నాడు. ఎక్కడ పడినా వాన వానే అని నవ్వాను. ఆవిరి లెస్సన్ నిన్ననే చెప్పాను మరి.

8 అక్టోబర్

పోశాను.

16 అక్టోబర్

ఎంత ఛార్జ్ పెట్టినా గంటలో దిగిపోతోంది.

17 అక్టోబర్

బేసిన్‌లో మిగిలిన నీళ్లు మరిగించి చూశాను. గిన్నె అడుగున తెల్లటి పొర. గోటితో గీరితే సిమెంటు. ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఎన్ని వారాలుగా రేకుల మీద పేరుకుందో, వాన అదంతా కడిగి బేసిన్‌లో పోసింది. దాన్ని తీసుకెళ్లి యాసిడ్‌లో కలిపింది ఎవరు? ఫిజిక్స్ టీచర్ జానమ్మ. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

21 అక్టోబర్

కోదాడలో కొత్తది లేదు. దీపావళి తర్వాత సూర్యాపేట నుంచి తెప్పిస్తారట. అప్పటికి గ్రహణం ఖతం.

22 అక్టోబర్

ఫూల్‌సింగ్‌కు చెప్పేశాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. గ్రహణం పూట ఈ వాడల ఒక్క లారీ స్టార్ట్ కాదు, నా బ్యాటరీ ఖాళీగనే ఉంటది, వాడుకోండ్రి అన్నాడు. కాకపోతే వైర్లు ముందే బిగిస్తడట, గ్రహణం పట్టినంక బయట అడుగు పెట్టడట. ఈ పట్టింపులన్నీ ఉత్తవని క్లాసులో చెప్పే నేను ఈసారి నోరు మూసుకున్నాను.

24 అక్టోబర్, 8.20

లారీ నుంచి నా కిటికీ దాకా రెండు వైర్లు. ఏడింటికే బిగించి ఫూల్‌సింగ్ లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. బయట ఎక్కడా ఇంజన్ చప్పుడు లేదు. రేడియోలో రోజూ ఉండే గరగర కూడా లేదు, ఇంత శుభ్రంగా ఎప్పుడూ వినలేదు. ఎండ పల్చబడింది. బరువా గారి గొంతు ఇంకా లేదు.

8.31

సెట్టు ఆగిపోయింది.

10.00

లారీ దగ్గర క్లిప్పు ఊడింది. ఫూల్‌సింగ్ అని గట్టిగా అరిచి లేచాను. నేను గడప దాటేలోపే సెట్టు మళ్లీ వెలిగింది. బయటికి చూస్తే అతను తల మీద తువ్వాలు కప్పుకుని, చూపు నేలకు దించి, క్లిప్పును చేత్తో నొక్కి పట్టుకుని ఉన్నాడు. 8.36కు బరువా గారు నన్ను పిలిచారు. పక్క గదిలోంచి పిలిచినట్టే ఉంది. తొమ్మిది నిమిషాలు మాట్లాడుకున్నాం. అంతసేపూ ఫూల్‌సింగ్ అక్కడే నిలబడ్డాడు.

25 అక్టోబర్

గాయన ఏమన్నడు అని ఫూల్‌సింగ్ అడిగాడు. నా సిగ్నల్ ఫైవ్ సెవెన్ అన్నారని చెప్పాను. మాట స్పష్టతకు ఐదుకు ఐదు, బలానికి తొమ్మిదికి ఏడు. మంచిదేనా టీచరమ్మా అన్నాడు. తలూపాను.