బొబ్బర్ల వేరులో ఎరుపు

ఏమండీ,

రేపటికి మీరు వెళ్లిపోయి ఏడాది. ఈ సంగతి మీకు చెప్పకుండా రేపటి సంవత్సరీకం వంటకి పప్పు నానబెట్టాలనిపించడం లేదు.

పెరట్లో మీరు వేసిన బొబ్బర్లు వరసగా రెండేళ్లు పాలిపోయి చచ్చాయి కదా. "గాల్లోంచి ఎరువు లాగే కంటికి కనపడని పురుగు ఈ మట్టిలో లేదే. మనూరి బొబ్బర్ల చేలో మట్టి తేవాల" అని బయల్దేరారు. మీతో రైలు దిగిన జాడీ చూసి ఆవకాయనుకుని ఈ ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్ రెండులో మన తెలుగువాళ్లంతా గిన్నెలు పట్టుకొచ్చారు. మూత తీసి మట్టి చూపించి మీరు ఒకటే నవ్వు. విత్తే రోజుకి మీరు లేరు.

ఈ వానలకి ఆ మట్టిని బెల్లం నీళ్లలో కలిపి, గింజలకి పట్టించి నేనే నాటాను. ఇవాళ పక్క క్వార్టర్ సునీత సరదాగా ఒక మొక్క పీకింది. వేరు నిండా బుడిపెలు.

"దీదీ, బీమారీ హై! సబ్ ఉఖాడ్ దో" అంది, తెగులనుకుని అన్నీ పీకెయ్యమంటూ.

పీకబోయి ఆగాను. ఫర్నేస్ దగ్గర ఇనుము రంగు చూసి ఉడికిందో లేదో చెప్పే మనిషి మీరు. బుడిపె లోపల తెల్లగా ఉంటే దండగనీ, ఎర్రగా ఉంటే ఆ పురుగు పని చేస్తున్నట్టనీ, ఆ ఎరుపులోనూ ఇనుమే ఉందనీ చెప్పి ఎంత విసిగించేవారు! గోటితో గిల్లాను.

ఎర్రగా ఉందండీ. నెత్తురంత ఎర్రగా.

ఆ ఎరుపు సంగతి చెబితే విని, సాయంత్రం సునీత గిన్నె పట్టుకొచ్చింది, తన పాదులోకీ ఆ మట్టి కావాలట. జాడీ ఎప్పుడో ఖాళీ అయింది. మన పెరట్లో ఈ బొబ్బర్ల మొదట్లో మట్టే తవ్వి గిన్నె నింపాను.