పదకొండు గుంజల ఇల్లు

ఆండర్సన్‌పేటలో ఉండే యాకోబప్ప కొడుకు సామ్యేలప్ప అనే నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, మతి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసిన వీలునామా ఇది. స్థిరంగా లేనిది గుండె ఒక్కటే. సోమవారం కోలారులో దానికి ఆపరేషన్. మత్తులో పడి నా ఒంటిని మరొకరి చేతికి అప్పగించడం ఇష్టంలేక రెండేళ్ళు వాయిదా వేశాను. ఇంతకు ముందు రాసిన ఆరు వీలునామాలూ రద్దు. నా సమాధి దగ్గర చదవమని నేనే రాసిపెట్టిన ప్రసంగం కూడా రద్దు. పాస్టరుగారు ఊపిరి పీల్చుకోవచ్చు.

1. ఇల్లు నా కూతురు నయనకూ అల్లుడు గిరీశ్‌కూ సమానంగా చెందాలి. పాత వీలునామాల్లో గిరీశ్ పేరు లేదు. గనిలో నేను టింబర్‌మన్‌ని, అంటే రాతికప్పు కూలకుండా కొయ్యగుంజలు నిలబెట్టేవాణ్ణి. గని మూతపడ్డాక చేయి ఊరుకోక ఇంట్లోనూ పన్నెండు గుంజలు పాతాను. పెళ్ళైన కొత్తలో బీరువా పట్టడం లేదని గిరీశ్ ఒకటి పీకాడు. ఆరేళ్ళు అతనితో మాట్లాడలేదు. కప్పు మాత్రం కూలలేదు. ఈ మధ్య నేను లేవలేకపోతే, పనికి మారికుప్పంలో రైలు అందుకోవాల్సిన మనిషి పొద్దున్నే లేచి నాకు స్నానం చేయించి వెళ్ళాడు. సిగ్గుపడ్డాను. క్షమించు నాయనా.

2. నా శవపెట్టె కూడా నేనే, నడింట్లో, టేకుతో చేసుకున్నాను. తీరా చూస్తే గుంజల మధ్య నుంచి అది బయటికి రాదు. కొలతల్లో నన్ను మించినవాడు లేడని చెప్పుకున్నవాణ్ణి. నయన నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. గుంజలన్నీ తీసేశాక ఆ పెట్టెను, మాకు పాలు పోసే బేతమంగళ ఆవులప్పకు ఇవ్వండి. రాగులు పోసుకుంటాడు. నన్ను చర్చివాళ్ళు ఏ పెట్టెలో పెడితే అందులో పోతాను.

3. నా ప్రార్థనల నోటుబుక్కు నయనకు. నలభై ఏళ్ళ ప్రార్థనలు తిరగేస్తే, అన్నీ నేను దేవునికి పురమాయించిన పనులే. మొన్న రాసింది ఒక్కటే ప్రార్థన: ప్రభువా, నాకు తెలియదు, నువ్వే చూసుకో.

4. నా గని హెల్మెట్ కృష్ణప్పకు. మమ్మల్ని గనిలోకి దింపే కేజ్‌కు, అంటే ఇనుప లిఫ్టుకు, అతను ఇంజన్ డ్రైవరు. మనుషులు ఎక్కామని మేము గంట మూడుసార్లు కొడితే, పైన ఎక్కడో కూర్చుని దింపేవాడు. ఆపరేషన్ వద్దని నేను మొండికేస్తే అన్నాడు: "నా మొగం కూడా చూడకనే ముప్పై ఏండ్లు దిగినావు. నేను యాడ ఉండానో నీకు తెలీదు. మూడు గంటలు కొట్టి నిమ్మళంగా నిలబడినావు. నీ దేవుని దగ్గర ఇంగ ఎందుకప్పా ఇంత అనుమానం?" ఇరవై ఏళ్ళు అతనికి నేను సువార్త చెప్పాను. అతను నాకు ఒక్కసారి చెప్పాడు, తగిలింది. మర్నాడే ఆస్పత్రికి ఫోన్ చేయించాను.

5. సోమవారం నేను తిరిగి రాకపోతే, నన్ను గుంతలోకి దింపేటప్పుడు కృష్ణప్ప చేత చర్చి గంట మూడుసార్లు కొట్టించండి. ఎవరూ భయపడకండి, నేను భయపడటం లేదు. తిరిగి వస్తే, గుంజలు గిరీశ్ పీకుతాడు, నేను కుర్చీలో కూర్చుని చూస్తాను. నోరు మెదపనని మాట ఇస్తున్నాను. ఆ మాట నిలబెట్టుకోవడం నా వల్ల కాదు, దేవుడే సాయం చేయాలి.

ఆండర్సన్‌పేట, 14 నవంబరు 2024
(సంతకం) వై. సామ్యేలప్ప

సాక్షులు:
వెంకటేశప్ప, పక్కింటి రిటైర్డ్ మాస్టరు
వెంకటలక్ష్మమ్మ, ఆయన భార్య