బావిలో గొడుగు మనిషి

కళ్యాణదుర్గం,
ఆగస్టు 2003

అన్న ఓబులేషుకు చెల్లెలు ఈశ్వరి నమస్కారాలు. ఇక్కడ అమ్మ, నేను క్షేమమని రాయబోతే చెయ్యి కాస్త ఆగింది. ఒంట్లో మాత్రం ఇద్దరికీ బాగానే ఉంది. హైదరాబాదులో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. వాన గురించి అడిగావు. లేదు. వేరుశనగ విత్తనం ఇంకా మూటల్లోనే ఉంది.

నువ్వు టీవీకి రాస్తున్న డిటెక్టివు సీరియల్ ఊళ్లో చూస్తున్నారా అని కూడా అడిగావు. శుక్రవారం సాయంత్రమైతే మన ఇల్లు నిండిపోతోంది. డిటెక్టివు మేకను కూర్చోబెట్టి సాక్ష్యం అడిగిన రోజు పక్కింటి ఇమాంసాబ్ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. తర్వాతి వారం డిటెక్టివు, తప్పిపోయిన రైతు కోసం ఎండిన బావిలోకి తొంగి చూశాడు. అడుగున ఆ రైతు కుర్చీ వేసుకొని, గొడుగు పట్టుకొని కూర్చున్నాడు. "వాన నిలిచిందా? నిలిస్తే పైకొస్తా" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

అమ్మ నవ్వలేదు. టీవీ దగ్గరికి జరిగి, "నిలిచి శానా దినాలాయ. పైకి రా" అంది.

బోరు ఎండిన ఏడాది నాయన చెప్పకుండా వెళ్లిపోయినప్పటి నుంచి అమ్మ ఆయన మాటే ఎత్తలేదు కదా. మరునాడు పొద్దున్నే పోయి మన తూర్పు చేను బావి దగ్గర కూర్చుంది. "మా ఓబులేషు ఉత్తినే రాయడు. వానికి తెలిసే ఉంటాది" అంది. ఎంత చెప్పినా లేవలేదు. చివరకు ఇమాంసాబ్ నడుముకు మోకు కట్టుకొని దిగాడు.

"ఈడ దుమ్ము తప్ప ఏమీ లేదు వదినా" అని కింద నుంచి అరిచాడు.

"మళ్లీ చూడప్పా."

పాపం, మళ్లీ చూశాడు. అప్పుడు అమ్మ లేచి ఇంటికి వచ్చింది.

ఇంతసేపూ రాయలేకపోయింది ఇప్పుడు రాస్తాను. మొన్నటి శుక్రవారం ఆ మనిషి బావిలోంచి తల పైకెత్తి, "బుడంకాయా, సద్ది తెచ్చినావా?" అన్నాడు. జనం మళ్లీ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. నువ్వు గుంతకల్లు హాస్టల్లో చదివే రోజుల్లో, చేలో నాయనా నేనూ ఇద్దరమే ఉన్నప్పుడు ఆయన నన్ను అలా పిలిచేవాడు. అమ్మకు తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

ఆ పేరు నీకు ఎవరు చెప్పారన్నా? నాయనను ఎక్కడైనా చూసి ఉంటే దాచకుండా రాయి. అమ్మకు నేను మెల్లగా చెప్పుకుంటాను. చూడకుండానే ఆ పేరు నీ రాతలోకి వచ్చి ఉంటే మాత్రం, ఆ మనిషిని ఇక మాట్లాడనివ్వకు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే చెల్లెలు
ఈశ్వరి