రెండవ తరగతి టిఫిన్ డబ్బాల్లో బతుకమ్మను అనుమతించుట గురించి

మండల విద్యాధికారి గారికి,
సుల్తానాబాద్ నివాసి, రైసుమిల్లులో వడ్ల తేమ కొలిచే ఉద్యోగి గుండేటి అరుణ్‌కుమార్, బి.ఎస్సీ., రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పిల్లలు కూరగాయలను పేర్చుకొని తినరాదని పాఠశాల ఇచ్చిన నోటీసు రద్దు చేయించుట.

1. నా భార్య మమతారాణి గత ఫిబ్రవరి 11న మరణించింది. ఇది ఫిర్యాదు కాదు. కాలక్రమం తెలియుటకు రాస్తున్నాను.

2. అప్పటినుండి మా కూతురు కావ్య, వయసు ఏడు, తెల్లన్నం, పెరుగు, చిప్స్ తప్ప వేరేది ముట్టలేదు. నేను వంట నేర్చుకున్నాను. పాలకూర పప్పు పెడితే "అమ్మ చేసినట్టు లేదు బాపూ" అన్నది. వాస్తవమే. జులైలో పాప బరువు పదహారు కిలోలు. ఇరవై దాటాలని డాక్టరు గారు చెప్పారు.

3. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వాడంతా పూలు పేరుస్తున్నది. పక్కింటి భూమవ్వ ముందే వచ్చి చెప్పింది: "ఏడాది ఎల్లందాక మీ ఇంట్ల బతుకమ్మ పేర్చద్దు బిడ్డా." పెద్దల మాట కాదనలేదు. కావ్య గడపలో కూర్చొని చూస్తున్నది, అన్నం ముట్టలేదు. పూలు పేర్చవద్దన్నారు గానీ కూరగాయల ప్రస్తావన ఏదీ రాలేదని నాకు తోచింది. క్యారెట్, బీట్‌రూట్, కీర గుండ్రంగా కోసి పళ్లెంలో వరుసలుగా పేర్చాను. పైన గౌరమ్మ స్థానంలో ఉడికిన గుమ్మడి ముద్ద పెట్టాను.

కావ్య చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టింది. పాట కూడా తానే కట్టింది: "బీట్‌రూటు తిన్నోళ్లు ఉయ్యాలో, మూతెర్రగయ్యిందీ ఉయ్యాలో." తర్వాత "సాగనంపుదాం, చెరువేది బాపూ?" అన్నది. నేను పాప కడుపు చూపించాను. నవ్వింది. తేదీ రాసి పెట్టుకున్నాను. ఒక్కో వరుసా చెరువులోకి పోసాగింది.

ఇంతలో భూమవ్వ వచ్చి పళ్లెం చూసింది. "ఏందిరా గిది? వద్దంటె పేర్చినవా?"
"కూర అవ్వా."
వంగి ఒక ముక్క తిప్పి చూసి, "కూరైతె ఏం గాదు తియ్యి" అన్నది. తానూ ఒక కీర ముక్క నోట్లో వేసుకున్నది.

4. దసరా సెలవుల తర్వాత ఇదే టిఫిన్ డబ్బాలో పంపాను. పక్కన కూర్చునే అంబ్రీన్ మరునాడు మొలకెత్తిన పెసర్లతో పేర్చుకొని వచ్చింది. వారం తిరిగేసరికి తరగతిలో పదకొండు డబ్బాలు. పిల్లలు వాటిని నడుమ పెట్టి, చుట్టూ ఆడి, ఆ తర్వాత తినేవారు. మిల్లులో బస్తాల కాంటా మీద కావ్య పదిహేడున్నర కిలోలు తూగింది.

5. అక్టోబర్ చివర నోటీసు వచ్చింది: "డబ్బాల్లో అన్నం, కూర మాత్రమే తేవలెను. పేర్చినవి నిషేధం." నేను ప్రధానోపాధ్యాయులు లక్ష్మీరాజం గారిని కలిశాను. సంభాషణ ఉన్నది ఉన్నట్టు సమర్పిస్తున్నాను.

"సార్, మీరు సదువుకున్నోళ్లు. తిండితోటి గీ ఆటలేంది? బెల్లు గొట్టినంక గూడ 'ఇంక సాగనంపలే సార్' అంటున్నరు పోరగాండ్లు."
"తింటున్నరు గద సార్?"
"తింటున్నరు, ఎవ్వలద్దన్నరు? మొన్న ఒక పోరని మూతి జూసి నెత్తురనుకొని మా మేడం ఆటో పిలిచింది. తీరా జూస్తె బీట్‌రూటు! జర మా పరేషాన్ గూడ సూడున్రి."

వారి ఇబ్బందిని నేను కాదనను. ఆటో పిలిచిన మేడం గారికి క్షమాపణ కూడా చెప్పాను.

6. నోటీసు వచ్చి ఐదు బడి దినాలు. కావ్య డబ్బా ఐదు రోజులూ మూత తీయకుండానే ఇంటికి వచ్చింది. ఇంట్లో పేర్చినా "దోస్తులు లేరు గద" అని పళ్లెం జరుపుతున్నది. నిన్న కాంటా మీద పదిహేడు. బస్తాల కాంటా కనుక అరకిలో తేడా దాని తప్పు కావచ్చని అనుకొని మూడుసార్లు తూచాను. మూడుసార్లూ పదిహేడే.

కావున నా ప్రార్థన: నోటీసు రద్దు చేయించగలరు. అది వీలుకాకపోతే భోజన సమయం పది నిమిషాలు పొడిగించగలరు. బీట్‌రూట్ విషయంలో నేను రాజీకి సిద్ధం. అవసరమైతే మధ్యాహ్నం మిల్లు నుండి వచ్చి పిల్లల మూతులు నేనే కడిగి పోతాను.

పై సంగతులు దయతో చిత్తగించవలెను. పాప మరో అరకిలో తగ్గకముందే ఉత్తర్వు ఇప్పించవలెను.

తమ విధేయుడు,
గుండేటి అరుణ్‌కుమార్

జతపరచినవి: నోటీసు నకలు ఒకటి, టిఫిన్ డబ్బా ఒకటి.

తా.క.: రెండవది నా ఆలోచన కాదు. ఎవరికి రాస్తున్నానని కావ్య అడిగింది. పెద్దసారుకని చెప్పాను. "సారు గూడ సరిగ తింటలేడా?" అన్నది. తెలియదన్నాను. "పాపం" అని డబ్బా తెచ్చుకొని తానే పేర్చింది. అందులో క్యారెట్ వరుస తక్కువగా కనబడుతుంది. దారిలో ఒలికిపోయిందని అనుకోవద్దు. పేరుస్తూ పేరుస్తూ, నేను చూడటం లేదనుకొని, కావ్య తిన్నది.