కుజుడి మీద తొలి తడి

ఏర్పేడు,
14-4-1947

బావా,

ఈడ అందరమూ బాగుండాము, నా మిరపతోట తప్ప. దానికి కారణం నువ్వే.

బడి అయ్యవారివి, పిల్లకాయలకు చెప్పుకోవాల్సింది, పోయినవారం మా ఇంటికొచ్చి మాకు చెప్పినావు. ముందుముందు మనుషులు కుజుడి మీద కాపురం పెడతారని, ఆడ గాలీ నీళ్లూ కరువని, కలిసిమెలిసి ఉంటేనే బతుకుతారని అన్నావు.

నువ్వు రైలెక్కినాక నేనూ, పక్కచేని చెంగయ్యా కూర్చోని ఆడ ఎట్లా బతకాలా అని మాట్లాడుకున్నాము. గాలి గురించి మాకు పేచీ రాలేదు. ఇద్దరమూ కలిసి బావి తవ్వుదామనుకున్నాము. ఈడ మాదిరే నా ఎద్దునూ వాడి ఎద్దునూ జతకట్టి, కపిల తోలి బానతో నీళ్లు తోడదామనుకున్నాము. తొలి తడి ఎవరి చేనికి అనే కాడ మాటా మాటా పెరిగింది. వాడు తన ఎద్దును విప్పుకొని పోయినాడు.

ఐదు దినాలైంది. ఒంటెద్దుతో కపిల సాగదు. నా మిరపా ఎండుతోంది, వాడి వంగతోటా ఎండుతోంది. కుజుడు పెండ్లిండ్లు చెడగొడతాడని తెలుసు గానీ, ఎద్దుల జతను గూడా విడగొడతాడనుకోలేదు.

నేనే తగ్గి, "తొలి తడి నీకేలే అబ్బా" అన్నాను. నోటిమాట చాలదంట, అయ్యవారి చేవ్రాలు కావాలంట. కుజుడంతా చెంగయ్యదేనని కాగితం రాసి వెంటనే పంపు.

ఎద్దులు రెండూ కంచెకు ఈ పక్కొకటి, ఆ పక్కొకటి నిలబడి ఒకదాన్నొకటి నాకుతుండాయి. ఈ తూరి వస్తే వాటికి మాత్రం కుజుడి సంగతి చెప్పొద్దు.

నీ బామ్మర్ది